ద్వారకానగర్‌లో యూకే కన్సల్టెన్సీ సర్వీస్: వీసా వరకు బాగానే చేశారు, బ్రిటన్ గురించి మాత్రం మీరే అడిగి రాబట్టుకోవాలి

రేటింగ్ 5కి 3. మిగతా రెండూ ఎందుకు తగ్గించానో కాస్త వివరంగానే రాస్తున్నా, ఎందుకంటే ఈ ఏడాది కూడా మన వైజాగ్ నుంచి సెప్టెంబర్ ఇంటేక్‌కి బోలెడుమంది పిల్లలు వెళ్తున్నారు, వాళ్ళ అమ్మానాన్నలు ఇల్లు తాకట్టు పెట్టి, బంగారం బ్యాంకులో పెట్టి మరీ పంపిస్తున్నారు, వాళ్ళకి ఇది ఉపయోగపడితే చాలు. పేరు రాయట్లేదు. ఇందులో నేను చెప్పే లోపాలు ఆ ఒక్క ఆఫీసువే కాదని తెలిసినవాళ్ళు చెప్పాక, ఒక్కళ్ళ మీదే వేయడం న్యాయం కాదనిపించింది.

మా తమ్ముడు బీటెక్ అయ్యాక మాస్టర్స్‌కి 2025 సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్ వెళ్ళాడు. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, ఆయనకి ఈ ఆన్‌లైన్ పనులు అలవాటు లేదు, అందుకని ఫైలు మొత్తం నేనే చూసుకున్నా.

ముందు మంచి చెప్తాను. అప్లికేషన్, ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసిచ్చేది), యూనివర్సిటీ నుంచి క్యాస్ (సీటు ఖాయమని వీసా కోసం వాళ్ళిచ్చేది) తెప్పించడం, ఇవన్నీ చాలా పద్ధతిగా చేశారు. మాకు ఇచ్చిన కౌన్సెలర్ అమ్మాయికి చాలా ఓపిక. మాక్ ఇంటర్వ్యూలో మావాడు బట్టీ పట్టిన జవాబులు గడగడా అప్పజెప్తుంటే ఆపి, "తమ్ముడూ, ఆ పేపర్ పక్కన పెట్టు, ఈ కోర్సులో నీకు ఏ సబ్జెక్ట్ ఇష్టమో మామూలుగా మా ఇంట్లో కూర్చుని చెప్తున్నట్టు చెప్పు" అని, వాడు సొంత మాటల్లో చెప్పేదాకా వదల్లేదు. అసలు ఇంటర్వ్యూలో అదే పనికొచ్చింది. బయోమెట్రిక్స్‌కి హైదరాబాద్ వెళ్ళేముందు రోజు రాత్రి తొమ్మిది దాటాక కూడా ఫోన్ చేసి టీబీ సర్టిఫికెట్ ఒరిజినల్ పెట్టుకున్నారా అని అడిగింది. అలాంటి మనుషులున్న చోటే మిగతాది కూడా బాగుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది, ఆ బాధతోనే రాస్తున్నా ఇదంతా.

మొదటి స్టార్ ఎక్కడ పోయిందంటే ఫండ్స్ షీట్ దగ్గర. స్టూడెంట్ వీసాకి ట్యూషన్ ఫీజులో కట్టకుండా మిగిలిన మొత్తం, దాంతోపాటు తొమ్మిది నెలల ఖర్చులకి సరిపడా డబ్బు, ఈ రెండూ కలిపి అకౌంట్‌లో వరసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది. వాళ్ళిచ్చిన షీట్‌లో లండన్ బయట ఖర్చులకి 9,207 పౌండ్లు అని ఉంది. నేను రాత్రి కూర్చుని గవర్నమెంట్ వెబ్‌సైట్ చూస్తే నెలకి 1,136 చొప్పున 10,224 పౌండ్లు అని ఉంది, అది కూడా 2025 జనవరి 2 నుంచే మారిపోయింది! అంటే తేడా వెయ్యి పౌండ్ల పైన, మన లెక్కలో లక్ష దాటిపోతుంది. పొద్దున్నే వెళ్ళి చూపిస్తే "అయ్యో మేడమ్, అది పాత ప్రింటు, మార్చలేదు" అన్నారు. నాన్నగారు అప్పటికప్పుడు ఎఫ్‌డీ బ్రేక్ చేసి డబ్బు వేశారు, ఆ రోజు నుంచి మళ్ళీ 28 రోజులు లెక్కపెట్టుకుని కూర్చున్నాం. అలాగే పంపేసి ఉంటే రిఫ్యూజల్ వచ్చేది, వీసా ఫీజు 524 పౌండ్లు తిరిగి రావు, సెప్టెంబర్ పోయేది. ఇప్పుడు ఆ అంకె కూడా పాతదైపోయింది, 2025 నవంబర్ 11 నుంచి లండన్ బయట నెలకి 1,171, అంటే మొత్తం 10,539 పౌండ్లు, లండన్ అయితే నెలకి 1,529, మొత్తం 13,761. అక్కడి గవర్నమెంట్ వైద్యం కోసం వీసాతోపాటే కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ వేరే, ఏడాది మాస్టర్స్‌కి వీసా పదహారు నెలలకి పైన ఇస్తారు కాబట్టి ఏడాదిన్నరకి లెక్కగట్టి 1,164 పౌండ్లు తీసుకున్నారు మా దగ్గర. మీ చేతిలో పెట్టిన షీట్‌లో ఏ అంకె ఉందో ఈరోజే చూసుకోండి, దాని మీద తేదీ లేకపోతే ఏ తేదీదో గట్టిగా అడగండి.

రెండో స్టార్ పోయింది ప్రీ డిపార్చర్ క్లాసులో. ఒక ఆదివారం పొద్దున్న ఏసీ హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు, పేరెంట్స్ కూడా వచ్చారు. సామాను లిస్టు రెండు పేజీలు ఉంది, కుక్కర్ ఎన్ని లీటర్లది పెట్టుకోవాలి, ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలి, దుప్పట్లు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా, అంతా చెప్పారు, అది అవసరమే, కాదనను. కానీ ఇంటి అగ్రిమెంట్ గురించి ఒక్క ముక్క లేదు, కౌన్సిల్ (మన మున్సిపల్ కార్పొరేషన్ లాంటిది) అంటే ఏంటో లేదు, వీసా రూల్స్ ఎందుకు ఇలా ఏడాదికోసారి మారిపోతున్నాయో అస్సలు లేదు. నేను లేచి అక్కడి పరిస్థితి ఎలా ఉంది, కొత్త గవర్నమెంట్ ఏం చేస్తోంది అని అడిగితే "పాలిటిక్స్ మనకెందుకు మేడమ్, బాబు చదువుకోడానికే కదా వెళ్తున్నాడు" అన్నారు.

ఈ మాట దగ్గరే నాకు గట్టి అభ్యంతరం. వీడు చదువుకోడానికి వెళ్ళినా వీడి వీసా మాత్రం పాలిటిక్స్‌తోనే నడుస్తుంది కదా. 2021లో చదువయ్యాక రెండేళ్ళు ఉండి ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా తెచ్చింది కన్జర్వేటివ్ గవర్నమెంటే, 2024 జనవరి నుంచి మొదలయ్యే మాస్టర్స్ కోర్సులకి భార్యనో భర్తనో వెంట తీసుకెళ్ళడానికి లేదని ఆపేసింది కూడా వాళ్ళే. 2024 జులైలో లేబర్ పార్టీ 411 సీట్లతో గెలిచి స్టార్మర్ ప్రధాని అయితే అప్పుడు మనవాళ్ళంతా ఇక రూల్స్ సడలిస్తారు అనుకున్నారు. 2025 మే 1న లోకల్ ఎలక్షన్స్‌లో వలసలు తగ్గించాలనే నైజెల్ ఫరాజ్ గారి రిఫార్మ్ పార్టీ 677 కౌన్సిల్ సీట్లు కొట్టింది, అదే రోజు రన్‌కార్న్ ఎంపీ సీటు కూడా లేబర్ నుంచి ఆరంటే ఆరు ఓట్ల తేడాతో లాగేసుకుంది. మే 12న, అంటే పదకొండు రోజులకి, లేబర్ గవర్నమెంట్ ఇమిగ్రేషన్ వైట్ పేపర్ (వలస రూల్స్‌లో చేయబోయే మార్పుల పత్రం) బయటపెట్టింది, అందులోనే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళ నుంచి 18 నెలలకి తగ్గిస్తాం అని రాసి ఉంది. వైట్ పేపర్ పని అంతకుముందు నుంచే నడుస్తున్నా, ఆ ఎలక్షన్స్ ఒత్తిడి లేదంటే నేను నమ్మను. ఇది తెలిసిన పేరెంట్ ఎవరైనా మే నెలలోనే జాగ్రత్త పడేవాళ్ళు. మా క్లాసు జరిగింది ఆ తర్వాతే, అయినా స్క్రీన్ మీద "రెండేళ్ళు పోస్ట్ స్టడీ వర్క్ గ్యారంటీ" అనే స్లైడే వేశారు.

ఆ 18 నెలలు 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి అని తర్వాత అక్టోబర్‌లో ఖరారైంది, పీహెచ్‌డీ వాళ్ళకి మాత్రం మూడేళ్ళు అలాగే ఉంది. మావాడి కోర్సు 2026 సెప్టెంబర్‌తో అయిపోతుంది, యూనివర్సిటీ వాళ్ళు రిజల్ట్ ఇచ్చి హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే అక్కడి శాఖకి) కోర్సు పూర్తయిందని చెప్పాకే అప్లై చేయాలి, అది డిసెంబర్ 31 లోపు అయితే రెండేళ్ళు, డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పెద్ద రిపోర్టు) లేటయ్యో, ఫెయిలై రీసిట్ పడో జనవరికి జారితే ఆరు నెలలు పోయినట్టే. ఇది తెలిశాక వాడు ఎక్స్‌టెన్షన్ అనే మాటే ఎత్తట్లేదు. 2026 జనవరి ఇంటేక్‌లో ఏడాది కోర్సుకి వెళ్ళిన పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు, వాళ్ళకి దాదాపు అందరికీ 18 నెలలే, కానీ ఎంతమందికి చెప్పి పంపారు? ఆ 18 నెలల్లో వర్క్ వీసాకి స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరకాలంటే జీతం ఏడాదికి మామూలుగా 41,700 పౌండ్లు ఉండాలి, కొత్తగా చదువు అయినవాళ్ళకి 33,400, ఈ అంకెలు 2025 జులై 22 నుంచి. పాతిక ముప్పై లక్షల లోన్ తీసుకునే ఇంట్లో ఈ లెక్క ఫీజు లెక్కకంటే ముందు వేసుకోవాలి.

ఇంకొకటి, ఇది తప్పు అని నేరుగా చెప్తున్నా. "సమ్మర్‌లో ఫుల్ టైమ్ చేసుకోవచ్చు, ఆ మూడు నెలల్లో లోన్ సగం తీరిపోద్ది" అన్నారు క్లాసులో. ఏడాది మాస్టర్స్‌లో సమ్మర్ అంటే డిసర్టేషన్ రాసే టైమ్, అది సెలవుల కింద రాదు, అప్పుడు కూడా వారానికి 20 గంటలే. ఫుడ్ డెలివరీ యాప్స్ అయితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కింద వస్తాయి కాబట్టి స్టూడెంట్ వీసా మీద అస్సలు చేయకూడదు, ఇంకొకళ్ళ అకౌంట్ అద్దెకి తీసుకుని బండి తిప్పితే వీసాకే ఎసరు. 21 నిండినవాళ్ళకి కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి గంటకి 12.21 పౌండ్లు ఉండేది, అంటే ఇరవై గంటలకి వారానికి 244, 2026 ఏప్రిల్ నుంచి గంటకి 12.71. దాంతో తిండి, రెంటు నెట్టుకురావచ్చేమో గానీ లోన్ తీరదు. ఈ సంగతి పేరెంట్స్‌కి సూటిగా చెప్పాలి.

మా పక్క వీధిలో ఒకావిడ తన కూతురికి కేర్ వర్కర్ (ముసలివాళ్ళనీ, జబ్బుపడ్డవాళ్ళనీ చూసుకునే పని) వీసా అని వేరే ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతుంటే నేనే ఆపాను. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తీసుకోవడం 2025 జులై 22నే ఆపేశారు. రిజిస్టర్డ్ నర్స్ సంగతి వేరు, ఆ దారి ఉంది. ఆ రెండూ ఒకటే అని కలిపి చెప్పేవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టకండి దయచేసి.

సరే, అక్కడి రోజువారీ బతుకు సంగతి. మావాడు ఉండేది సెల్లీ ఓక్ వైపు, స్టూడెంట్స్ ఎక్కువగా ఉండే ఏరియా. వెళ్ళిన కొత్తలో వీడియో కాల్ చేసి వీధి చూపించాడు, ప్రతి దీపస్తంభానికీ ఎర్ర ప్లస్ గుర్తు ఉన్న తెల్లజెండా, అంటే ఇంగ్లండ్ జెండా. అక్కడికి దగ్గర్లోనే వోలీ కాజిల్, నార్త్‌ఫీల్డ్ అనే ఏరియాల్లో ఆ వేసవిలో జెండాలు కట్టడం మొదలై ఇంగ్లండ్ అంతా పాకింది. సరిగ్గా అప్పుడే సెప్టెంబర్ 13న లండన్‌లో లక్షమందికి పైగా ఇమిగ్రేషన్‌కి వ్యతిరేకంగా ర్యాలీ తీశారు, మన టీవీల్లో అదే రోజంతా తిప్పితిప్పి వేశారు, అమ్మకి ఆ రాత్రి నిద్రలేదు. కన్సల్టెన్సీ వాట్సాప్ గ్రూపులో అడిగితే "డోంట్ వర్రీ" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నారు. భయపడే తల్లికి అది సమాధానం కాదు. ఎమర్జెన్సీ అయితే 999, అంత అర్జెంట్ కాకుండా పోలీసుతో పనుంటే 101, ఒంట్లో బాగోకపోతే 111, యూనివర్సిటీ సెక్యూరిటీ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకో, ఎవడైనా రంగు చూసి తిడితే అది అక్కడ చట్టప్రకారం కంప్లైంట్ ఇవ్వదగ్గ విషయం, అని నాలుగు ముక్కలు రాస్తే చాలు కదా! ఇవన్నీ వాడే తెలుసుకుని మాకు చెప్పాడు. వాణ్ణి ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు, అది కూడా చెప్పాలి.

వాడు పార్ట్‌టైమ్ చేసే షాపులో ఒక పెద్దావిడ ఉంది, మొదటి చలికి వీడు పల్చటి జాకెట్‌లో వణుకుతుంటే మర్నాడు వాళ్ళబ్బాయి కోటు ఉతికి మడతపెట్టి తెచ్చిచ్చింది. ఆవిడే టీ బ్రేక్‌లో ఈసారి రిఫార్మ్‌కి వేస్తానంటుంది, జన్మంతా లేబర్‌కి వేసిందట. తుంటి ఆపరేషన్‌కి ఎప్పట్నుంచో ఎదురుచూస్తోంది, కొడుక్కి కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఇల్లు రావట్లేదు, వీసా లేకుండా సముద్రం మీద చిన్న పడవల్లో వచ్చి ఆశ్రయం అడిగేవాళ్ళకి హోటళ్ళు ఇస్తున్నారు అని ఆవిడ కోపం, "నీలాంటి చదువుకునే పిల్లల గురించి కాదు నేననేది" అని వీడి భుజం తడుతుంది. మావాడు వలసలు బాగా తగ్గాయి కదా అని అంకెలు చూపించాడట, 2023 మార్చితో ముగిసిన ఏడాదికి 9 లక్షల 44 వేలు ఉన్న నికర వలస (వచ్చినవాళ్ళలోంచి వెళ్ళిపోయినవాళ్ళని తీసేస్తే మిగిలేది) 2025 జూన్‌కి 2 లక్షల 4 వేలకి పడిపోయింది, కానీ ఆవిడ నమ్మలేదు, తన ఆపరేషన్ డేట్ ఏమీ ముందుకి రాలేదు కదా మరి. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడ కష్టం నిజం. కానీ పడవల్లో వచ్చినవాళ్ళూ, ఫీజు కట్టి వెళ్ళిన మన పిల్లలూ, నర్సులూ, అందరూ ఆ ఒక్క అంకెలోనే పడతారు, దాన్ని తగ్గించి చూపించాలంటే ఏ గవర్నమెంట్‌కైనా తేలిగ్గా చేయి పెట్టగలిగేది స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీదే. మన పిల్లలకి ఈ సంగతి తెలిసి వెళ్తే అక్కడి మనుషుల్ని కూడా సరిగ్గా అర్థం చేసుకుంటారు, అనవసరంగా భయపడరు, అనవసరంగా ద్వేషించరు.

చెత్త సంగతి కూడా చెప్పాలి. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ తన దగ్గర డబ్బుల్లేవని 2023 సెప్టెంబర్‌లోనే చేతులెత్తేసింది, ఆ తర్వాత ఇంటిపన్ను లాంటి కౌన్సిల్ ట్యాక్స్ 2024లో పది శాతం దాకా, మళ్ళీ 2025లో ఏడున్నర శాతం దాకా పెంచారు. ఒక ఉద్యోగ హోదా తీసేస్తున్నారని చెత్త ఎత్తేవాళ్ళు 2025 మార్చి 11 నుంచి పూర్తి సమ్మెకి దిగితే ఆ నెలాఖరుకే 17 వేల టన్నుల చెత్త రోడ్ల మీద ఉండిపోయింది. మావాడు వెళ్ళేసరికీ సమ్మె సాగుతూనే ఉంది, రీసైక్లింగ్ బండి రాక వెనక పెరట్లో అట్టపెట్టెలు నడుం ఎత్తు పేరుకున్నాయి. చెత్త పన్ను వేసినప్పుడు మన ఊళ్ళో ఎంత గొడవ జరిగిందో గుర్తుంటే అక్కడివాళ్ళు పన్ను పెంచి చెత్త ఎత్తకపోతే ఎంత మండిపోతారో ఊహించుకోవచ్చు. షాపులో ఆవిడ కోపంలో సగం దీని గురించే.

కౌన్సిల్ ట్యాక్స్ మనకెందుకంటారా, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్స్ అయితే కట్టక్కర్లేదు, యూనివర్సిటీ లెటర్ పంపితే చాలు. మావాడి ఇంట్లో ఒక సీనియర్ కోర్సు అయిపోయి గ్రాడ్యుయేట్ వీసాకి మారి అక్కడే ఉండిపోయాడు, దాంతో బిల్లు వచ్చింది, పాతిక శాతం తగ్గించి. కట్టాల్సింది చట్టప్రకారం ఆ సీనియరే, కానీ ఎవరికీ తెలీక అందరూ తలా ఇంత వేసుకోవాలని గొడవ. ఇంకో ఉత్తరం టీవీ లైసెన్స్ గురించి, 2025లో అది ఏడాదికి 174.50 పౌండ్లు ఉండేది, టీవీ లేకపోయినా ల్యాప్‌టాప్‌లో లైవ్ ఛానల్ గానీ బీబీసీ ఐప్లేయర్ గానీ చూస్తే కట్టాల్సిందే, ఆ రెండూ చూడకపోతే అక్కర్లేదని డిక్లేర్ చేసుకోవచ్చు.

రెంటు దగ్గరే అసలు దెబ్బ. మనం కట్టకపోతే తను కడతానని హామీ ఇచ్చే గ్యారంటర్ అక్కడ లేడని ఆరు నెలల రెంటు ఒకేసారి కట్టించుకున్నారు మా దగ్గర, అది మేము వేసుకున్న బడ్జెట్‌లో లేదు, కన్సల్టెన్సీ వాళ్ళు ముందే చెప్పాల్సింది. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి మంచి కబురేంటంటే ఇంగ్లండ్‌లో కొత్త అద్దె చట్టం వచ్చింది, 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్ళకి ఒక నెల కంటే ఎక్కువ రెంటు అడ్వాన్స్‌గా అడగడానికి లేదు. డిపాజిట్ కూడా మామూలుగా ఐదు వారాల రెంటు దాటకూడదు, అది 30 రోజుల్లో ప్రొటెక్షన్ స్కీమ్‌లో వేసి మీకు వివరాలు ఇవ్వాలి. మన తెలుగువాళ్ళే ఇల్లు తీసుకుని గదులు తిరిగి అద్దెకిచ్చే చోట ఇవేమీ పాటించకపోవచ్చు, అన్న కదా అని నమ్మి చేతికి క్యాష్ ఇవ్వకండి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇంకోటి. ఇండియా కామన్‌వెల్త్ దేశం కాబట్టి అక్కడ వీసాతో ఉంటున్న మన పిల్లలకి ఓటు ఉంటుంది, కౌన్సిల్‌కీ, పార్లమెంట్‌కీ కూడా! మావాడు ఆన్‌లైన్‌లో రిజిస్టర్ అయ్యాడు, 2026 మే 7న బర్మింగ్‌హామ్ కౌన్సిల్ మొత్తానికి, 101 సీట్లకీ ఎలక్షన్స్, పోలింగ్‌కి మన ఇండియన్ పాస్‌పోర్ట్ ఐడీగా పనికొస్తుంది. ఓటర్ల లిస్టులో పేరుంటే క్రెడిట్ రికార్డ్‌కి కూడా మంచిదట, ఫోన్ కాంట్రాక్ట్ తీసుకునేటప్పుడు చూస్తారు. పాలిటిక్స్ మనకెందుకు అన్న క్లాసులో ఈ మాట చెప్పి ఉంటే ఆ హాల్లో ఉన్న ప్రతి పిల్లాడూ వెళ్ళగానే రిజిస్టర్ అయ్యేవాడు, వాళ్ళ వార్డు కౌన్సిలర్‌కి చెత్త గురించి ఒక మెయిల్ పెట్టేవాడు.

ఇవన్నీ రాసుకుని వెళ్ళి ఓనర్‌గారితో మాట్లాడాను, కోప్పడకుండా విన్నారు. ఫండ్స్ షీట్ మీద ఇకనుంచి తేదీ వేస్తామన్నారు, తర్వాత బ్యాచ్ క్లాసులో అక్కడ చదువుతున్న స్టూడెంట్‌ని వీడియో కాల్‌లో అరగంట మాట్లాడిస్తామన్నారు, మావాడు సరే అన్నాడు. అది నిజంగా జరిగితే ఒక స్టార్ పెంచుతాను. ప్రాసెసింగ్ ఫీజుకి రసీదు అడిగితేనే ఇస్తారు, అడగండి. ఆదివారం మధ్యాహ్నం వరకు ఉంటారు, కింద పార్కింగ్ లేదు, కారులో వస్తే కాస్త ముందుగా రండి, పేరెంట్స్ ఇద్దరూ కలిసే వెళ్ళండి.